పెద్ద కుక్కకు హార్నెస్: బరువు కాదు, ఛాతీ చూసి కొనండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది రెండేళ్ల మగ జర్మన్ షెపర్డ్, 38 కిలోలు. ప్యాకెట్ మీదున్న బరువు పట్టిక చూసి ఎక్స్‌ఎల్ హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు) కొన్నారు. ఇప్పుడు ముందు కాళ్ల చంకల్లో వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడింది. నడుస్తుంటే హార్నెస్ ఒక పక్కకి తిరిగిపోతోంది. మొన్న ఏదో పెద్ద చప్పుడుకి బెదిరి, వెనక్కి లాక్కుని అందులోంచి మొత్తానికి బయటపడ్డాడు. లీష్ (చేత్తో పట్టుకునే తాడు) లాగడం మాత్రం కొంచెం కూడా తగ్గలేదు. ఏ రకం కొనాలి, ఎలా బిగించాలి, లాగుడు ఆపే హార్నెస్ ఏదైనా ఉందా అని అడిగారు.

చంక ఒరుసుకుపోవడం, పక్కకి తిరగడం, విప్పుకుని పోవడం మీకు మూడు సమస్యల్లా కనిపిస్తున్నాయి. చాలావరకు మూడింటికీ కారణం ఒకటే: ఆ హార్నెస్ మీ కుక్క ఛాతీ ఆకారానికి సరిపోయేది కాదు. ఒకచోట వదులు, ఇంకోచోట పొట్టి. సైజు మారిస్తే సరిపోతుందనుకుని లార్జ్ కొంటే ఇవే సమస్యలు కాస్త వేరేగా తిరిగొస్తాయి.

బరువు పట్టికను అసలు పక్కన పెట్టేయండి. 38 కిలోల షెపర్డ్, 38 కిలోల లాబ్రడార్, 38 కిలోల గ్రేహౌండ్ పక్కపక్కన నిలబడితే మూడింటి ఛాతీ మూడు రకాలు. లాబ్రడార్‌ది పీపాలా గుండ్రంగా ఉంటుంది. షెపర్డ్‌ది లోతుగా, పక్కల నుంచి కాస్త నొక్కినట్టు ఉంటుంది. గ్రేహౌండ్‌కి ఛాతీ బాగా లోతు, నడుము బాగా సన్నం, తల మెడకంటే పెద్ద లావేం కాదు. ముగ్గురికీ ఒకే ఎక్స్‌ఎల్ ఎలా సరిపోతుంది? తయారుచేసేవాళ్లకు బరువు రాయడం తేలిక, కొనేవాళ్లకు బరువు చెప్పడం తేలిక, అందుకే ఆ పట్టిక ఉంది.

కొనేముందు కుక్క ముందు భాగం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. మనకున్నట్టు కుక్కకి కాలర్ బోన్ లేదు, ఉన్నా పేరుకే. అంటే ముందు కాళ్లకీ మొండేనికీ మధ్య ఎముకల కీలు లేదు. కండరాలే పట్టుకుని ఉంటాయి. అడుగు వేసిన ప్రతిసారీ భుజం పలక ఎముక పక్కటెముకల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. చర్మం కింద అది కదలడం చేయి పెడితే తెలుస్తుంది. పైగా నిలబడినప్పుడు ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది. హార్నెస్‌ని మనం తగిలించేది కుక్క ఒంట్లో అన్నిటికంటే ఎక్కువగా కదిలే, ఎక్కువ బరువు మోసే చోట. నిలబడ్డప్పుడు చక్కగా కనిపించినది నడకలో ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే.

లీష్ లాగినప్పుడు ఆ ఒత్తిడి ఎక్కడ పడితే పరవాలేదు అంటే, రొమ్ము ఎముక మీద, పక్కటెముకల మీద. పడకూడనివి గొంతు, భుజం కీలు, భుజం పలక, చంక. ఏ హార్నెస్ చూసినా ఈ నాలుగు చోట్లా పట్టీ ఎక్కడుందో చూడండి. ప్రకటనలో ఏం రాసినా దీన్ని మించిన పరీక్ష లేదు.

రకాల విషయానికొస్తే, మీకు నేను చెప్పేది ముందు వైపు ‘వై’ ఆకారంలో ఉండేది. రెండు పట్టీలు మెడ మొదట్లో భుజాలకి ముందుగా దిగి, రొమ్ము ఎముక కొన దగ్గర కలిసి, అక్కడి నుంచి ఒకే పట్టీ ముందు కాళ్ల మధ్యగా పొట్ట కిందికి పోతుంది. గొంతు ఖాళీగా ఉంటుంది, భుజం కీలు కూడా ఖాళీగా ఉంటుంది. దీనికి ఎదురుగా, ఛాతీకి అడ్డంగా ఒకే పట్టీ ఉండే రకం ఉంది. తొడగడం సులువు, వీపు మీద జీనులా వెడల్పు గుడ్డ, పైన హ్యాండిల్, చూడ్డానికి పోలీసు కుక్కలా ఉంటుంది. కానీ ఆ అడ్డ పట్టీ పైకి జరిగితే గొంతు మీద, కిందికి జరిగితే సరిగ్గా భుజం కీలు మీద పడుతుంది. లాగే కుక్కకి అది ఎప్పుడూ ఏదో ఒక వైపు జరుగుతూనే ఉంటుంది. మీ వర్ణనని బట్టి ఇప్పుడు మీ దగ్గరున్నది ఈ రకమేనని నా అనుమానం.

అయితే ‘వై’ ఉంటే చాలు, భుజానికి ఏ అడ్డూ ఉండదు అని అమ్మేవాళ్లు చెప్పేది పూర్తిగా నమ్మకండి. 2019లో వెటర్నరీ రికార్డ్ పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో కుక్కల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి చూశారు. అడ్డ పట్టీ రకమే కాదు, అడ్డు రాదనే పేరున్న రకం కూడా భుజం ముందుకు చాచడాన్ని తగ్గించింది. నిజానికి రెండోదే ఎక్కువ తగ్గించింది. కొద్ది కుక్కల మీద, కొద్ది మోడళ్లతో చేసినది కాబట్టి దాన్ని పట్టుకుని ‘వై’ రకం పనికిరాదనడం కూడా తప్పే. నేను దాన్నుంచి తీసుకున్నది ఒకటే: ఆకారం పేరు చూసి ధీమా పడకూడదు, మన కుక్క ఒంటి మీద పట్టీ ఎక్కడ పడుతోందో మనమే చూడాలి. కొలత తప్పితే ‘వై’ పట్టీ కూడా భుజం పలక మీదికి ఎక్కి కూర్చుంటుంది.

లాగగానే చంకల్లోనో ఛాతీ చుట్టూనో సన్నటి తాడు బిగుసుకునే రకం ఒకటి దొరుకుతుంది, ‘నో పుల్’ అని రాసి ఉంటుంది. చంక చర్మం పల్చగా, మెత్తగా ఉంటుంది. అక్కడ నొప్పి పెట్టి ఆపడమే దాని పని. నేనైతే ఎవరికీ చెప్పను, చంక ఇప్పటికే పుండయిన కుక్కకైతే అసలు చెప్పను.

మీ కుక్క ఒకసారి తప్పించుకుంది కాబట్టి మూడో పట్టీ ఉన్న మోడల్ చూడండి. మామూలుగా మెడ దగ్గర ఒకటి, ఛాతీ చుట్టూ ఒకటి ఉంటాయి. మూడోది ఇంకా వెనక, పక్కటెముకలు అయిపోయే చోట, సన్నగా ఉండే నడుము చుట్టూ వస్తుంది. కుక్క వెనక్కి లాక్కున్నప్పుడు ఆ చిన్న చుట్టు లోతైన ఛాతీ దాటి ముందుకి రాలేదు, అక్కడే ఆగిపోతుంది. లోతు ఛాతీ, సన్నటి నడుము ఉన్న కుక్కలకి, బెదురు స్వభావం ఉన్నవాటికి ఇది చాలా ఉపయోగం. ఈ పట్టీ బిగుతుగా ఉండక్కర్లేదు. ఒంటిని ఆనుకుని ఉంటే చాలు, మెత్తటి పొట్టని నొక్కకూడదు.

ఇక కొలతలు. టైలర్ టేపు తీసుకోండి. కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడి, తల మామూలు ఎత్తులో ఉండాలి. కూర్చుని ఉన్నప్పుడు కొలిస్తే ఛాతీ కొలత తప్పు వస్తుంది. షెపర్డ్‌కి వెంట్రుకలు రెండు పొరలుగా ఉంటాయి, కాబట్టి టేపుని బొచ్చు లోపలికి, చర్మానికి ఆనేలా పోనివ్వండి. లేకపోతే కొలత ఎక్కువొస్తుంది, హార్నెస్ వదులైపోతుంది. మొదట మెడ: కాలర్ వేసే చోట కాదు, అంతకంటే కింద, మెడ భుజాల్లో కలిసే చోట, ముందు వైపు టేపు రొమ్ము ఎముక కొన మీదుగా రావాలి. ఆ కొన వెతకడం తేలికే. గొంతు కింద నుంచి వేలు దించుతూ వస్తే రెండు భుజాల మధ్య గట్టిగా ఒక బొడిపెలా తగులుతుంది. తర్వాత ఛాతీ: ముందు కాలి చంక నుంచి మూడు నాలుగు వేళ్లు వెనక్కి, పెద్ద కుక్కకి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్లు వదిలి, అక్కడ చుట్టుకొలత తీయండి.

చాలామంది ఈ రెండింటితో ఆపేస్తారు. అసలు తేడా మూడో కొలతలో ఉంది: రొమ్ము ఎముక కొన నుంచి ముందు కాళ్ల మధ్యగా ఛాతీ పట్టీ రావాల్సిన చోటు దాకా ఉన్న పొడవు. ఛాతీ పట్టీ ఎంత వెనక కూర్చోవాలో నిర్ణయించేది కాళ్ల మధ్య ఉన్న ఈ ముక్కే. అది పొట్టిగా ఉంటే ఛాతీ పట్టీని ముందుకి లాగి నేరుగా చంకలోకి తెస్తుంది. మీరు దాన్ని ఎంత వదులు చేసినా, ఎంత మెత్తటి ప్యాడ్ తొడిగినా ఒరుసుకోవడం ఆగదు. వదులు చేసేకొద్దీ రాపిడి ఇంకా పెరుగుతుంది కూడా, ఎందుకంటే వదులు పట్టీ ప్రతి అడుగుకీ జారుతుంది. చాలా మోడళ్లలో ఈ ముక్క పొడవు మార్చుకోవడానికి వీలుండదు. షెపర్డ్, డోబర్‌మాన్, గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకి దాన్ని కూడా పెంచుకోగలిగే మోడలే కొనండి. దీనికోసం కాస్త ఎక్కువ ఖర్చయినా పెట్టొచ్చు. రంగుల కోసం, జేబుల కోసం మాత్రం పెట్టకండి.

కొలతలు పట్టికలో రెండు సైజుల మధ్య పడితే, పట్టీలు రెండు వైపులా ఇంకా జరుపుకోవడానికి చోటు మిగిలే సైజు తీసుకోండి. చివరి అంచు దాకా లాగితే తప్ప సరిపోనిది ఇవాళ సరిపోయినా, రెండు కిలోలు పెరిగితేనో తగ్గితేనో పనికిరాదు.

తొడిగేటప్పుడు ముందు అన్ని పట్టీలూ వదులు చేయండి. మెడ భాగం వేసి, రొమ్ము మీది కూడలి ఆ బొడిపె మీదికి వచ్చేలా సర్దండి. అది గొంతు మెత్తటి భాగంలోకి ఎక్కితే మెడ పట్టీలు బిగుతని అర్థం, బాగా కిందికి జారి కాళ్ల మధ్య వేలాడితే వదులని అర్థం. వీపు మీది రింగు భుజం పలకలు దాటి కాస్త వెనక ఉండాలి. తర్వాత ఛాతీ పట్టీ. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పడుకోబెట్టినట్టు దూరాలి, కొంచెం ఒత్తుగా. నిలబెట్టిన వేళ్లు సులువుగా దూరితే వదులు. ఈ పరీక్ష ఒక్క చోట కాదు, ప్రతి పట్టీ దగ్గరా చేయండి.

ఎడమ, కుడి పట్టీల పొడవు సమానంగా ఉందో లేదో టేపుతోనే చూడండి, కంటితో చూస్తే తెలియదు. హార్నెస్ పక్కకి తిరగడానికి మొదటి కారణం ఛాతీ పట్టీ వదులు, రెండోది ఈ ఎచ్చుతగ్గులు. మూడోది కూడా ఉంది: ఎప్పుడూ ఒకే పక్క నడిపిస్తూ, కుక్క అటు ముందుకి లాగుతూ ఉంటే ఎంత బాగా బిగించినా కొంత తిరుగుతుంది. అది హార్నెస్ తప్పు కాదు.

ఇప్పుడు నడిపించండి. మీరు కాదు, ఇంకొకరు నడిపిస్తుంటే మీరు పక్క నుంచి, ఎదురుగా ఫోన్‌లో నెమ్మది వీడియో తీయండి. హార్నెస్ లేకుండా ఒకసారి, వేసి ఒకసారి. ముందు అడుగు పొడవు తగ్గిందా, మోచేతులు బయటికి తోసినట్టు నడుస్తున్నాడా, భుజం ముందుకొచ్చినప్పుడు పట్టీ దానికి తగులుతోందా చూడండి. పరుగులో కూడా తీయండి, నడకలో దాగినవి అక్కడ బయటపడతాయి. తర్వాత కూర్చోబెట్టి, పడుకోబెట్టి చూడండి. కూర్చున్నప్పుడు మెడ పట్టీలు గొంతు మీదికి లేస్తే, మళ్లీ సర్దాలి.

తప్పించుకునే పరీక్ష ఇంట్లో, తలుపు వేసి చేయాలి. కుక్కకి ఎదురుగా నిలబడి, వీపు రింగుకి తగిలించిన లీష్‌ని దాని తల వైపుకి, మీ వైపుకి నెమ్మదిగా లాగండి. అది తల వంచి వెనక్కి జరుగుతుంది, బెదిరిన కుక్క చేసేది సరిగ్గా ఇదే. మోచేతులు పట్టీలోంచి జారే సూచన కనిపిస్తే అక్కడే ఆపి బిగించండి. బెదురు కుక్క విషయంలో నేను ఒక్క హార్నెస్ మీదే భరోసా పెట్టుకోను. హార్నెస్ రింగుకీ కాలర్‌కీ మధ్య ఒక చిన్న పట్టీ క్లిప్ వేయండి, లేదా రెండు కొసలా క్లిప్‌లున్న లీష్ ఒక కొస హార్నెస్‌కి, ఇంకో కొస కాలర్‌కి వేయండి. కాలర్ మీద లాగుడు పడకూడదు, హార్నెస్ ఊడితేనే అది పనిలోకి రావాలి. కాలర్ మీదే నేరుగా లాగనివ్వడానికి నేను ఒప్పుకోకపోవడానికి కారణం దగ్గు, గొంతు నొప్పి మాత్రమే కాదు. మెడ మీద లాగుడు పడితే కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుందని, హార్నెస్‌తో అలా పెరగలేదని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కంటి జబ్బున్న కుక్కకి ఇది చిన్న విషయం కాదు.

లాగుడు గురించి సూటిగా చెప్తాను: ఏ హార్నెస్ కూడా లాగొద్దని కుక్కకి నేర్పదు. వీపు రింగుతో లాగడం కుక్కకి హాయిగా ఉంటుంది, బండి లాగే కుక్కలకి హార్నెస్ వేసేది అందుకే కదా. రొమ్ము మీద ఇంకో రింగు ఉన్న మోడల్ కొంటే మీకు కొంత పట్టు దొరుకుతుంది. లీష్ అక్కడ తగిలిస్తే, లాగినప్పుడు కుక్క ఒళ్లు పక్కకి, మీ వైపుకి తిరుగుతుంది, సూటిగా బలం పెట్టలేదు. 38 కిలోల కుక్కని పట్టుకునేవాళ్లకి అది చాలా ఊరట. కానీ రోజూ గంటసేపు ఒకే పక్కకి మెలి తిరుగుతూ నడవడం భుజానికి మంచిది కాదు, పైగా హార్నెస్ కొంచెం వదులుగా ఉన్నా మొత్తం ఆ పక్కకి వచ్చేస్తుంది. నేను చెప్పే పద్ధతి: రెండు క్లిప్‌ల లీష్‌తో ఒకటి వీపుకి, ఒకటి రొమ్ముకి. మామూలుగా వీపు క్లిప్ మీద నడిపించి, టెన్షన్ పెట్టే చోట, అంటే ఎదురుగా ఇంకో కుక్కో బండో వచ్చినప్పుడు మాత్రం రొమ్ము క్లిప్ వాడండి. దాంతోపాటే అసలు పాఠం నడవాలి: లీష్ బిగిస్తే మనం ఆగిపోతాం, వదులైతే కదులుతాం, పక్కన నడిస్తే ట్రీట్. విసుగొస్తుంది, మొదట్లో వీధి చివరిదాకా కూడా వెళ్లలేరు. దీనికి అడ్డదారి ఉందని చెప్పేవాళ్లు మీకేదో అమ్మబోతున్నారు.

సరుకు సంగతి క్లుప్తంగా. పెద్ద కుక్కకి పట్టీ వెడల్పు కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి, రొమ్ము మీద అంతకంటే వెడల్పు అయితే మంచిది. నైలాన్ తడిస్తే కొంచెం సాగుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు. వానలో నడిచాక వదులైనట్టు అనిపిస్తే అది మీ భ్రమ కాదు. లీష్ తగిలించే రింగుల అతుకు వెల్డ్ చేసి ఉండాలి. వంచి కలిపి వదిలేసినవి పెద్ద కుక్క కుదుపుకి విచ్చుకుంటాయి. బకిల్ ప్లాస్టిక్‌దైనా మందంగా, నాణ్యంగా ఉంటే సరిపోతుంది, కానీ ఎండకీ ఏళ్లకీ పెళుసెక్కుతుంది, అప్పుడప్పుడు వంచి చూస్తూ ఉండండి. మొత్తం ఒళ్లు కప్పేసే మందపాటి వెస్ట్ లాంటివి వేడిలో కుక్కకి భారం. సన్నగా, గాలి ఆడేలా ఉన్నది చాలు. హ్యాండిల్ ఉంటే దాన్ని కుక్కని క్షణం పాటు పట్టి ఆపడానికి వాడండి, పైకి ఎత్తడానికి కాదు. ముసలి కుక్కల్ని, ఆపరేషన్ అయిన కుక్కల్ని లేపడానికి పొట్ట కింద, తుంటి కింద ఆధారం ఇచ్చే హార్నెస్‌లు వేరే ఉన్నాయి.

కారులో కూడా ఇదే వేసి సీటు బెల్టుకి తగిలించొచ్చా అని చాలామంది అడుగుతారు, మీరు అడగకపోయినా చెప్తున్నా. నడక హార్నెస్ దానికోసం తయారైంది కాదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం అంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. 38 కిలోలు ఆ వేగంతో ముందుకొస్తే మామూలు కుట్లు, ప్లాస్టిక్ బకిల్ నిలబడవు. క్రాష్ టెస్ట్ చేసినది విడిగా కొనండి, లేదా గట్టి క్రేట్‌ని (కుక్కని ఉంచే పెట్టెని) కదలకుండా బిగించి అందులో ఉంచండి. కాలర్‌కి మాత్రం ఎప్పుడూ సీటు బెల్టు తగిలించొద్దు.

కొత్తది వచ్చాక మొదటి రోజే తొడిగి బయటికి తీసుకెళ్లకండి. పాతదానితో నొప్పి అనుభవించిన కుక్క, హార్నెస్ చూడగానే తల పక్కకి తిప్పుకోవచ్చు. మెడ రంధ్రంలోంచి ట్రీట్ చూపించి, తల అదే పెట్టేదాకా ఆగండి. తల మీదుగా వేయడం నచ్చని కుక్కలకి మెడ దగ్గర కూడా బకిల్ తెరుచుకునే మోడల్ ఉంటుంది. బకిల్ ‘టక్’మనే చప్పుడుకి బెదిరితే, హార్నెస్ దూరంగా పట్టుకుని ఆ చప్పుడు చేసి ట్రీట్ వేయండి, అలవాటవుతుంది. బకిల్ పెట్టేటప్పుడు చర్మం, బొచ్చు మధ్యలో ఇరుక్కోకుండా వేలు అడ్డం పెట్టండి. ఒక్కసారి గిచ్చితే కుక్క చాలా రోజులు గుర్తుంచుకుంటుంది.

ఇంటికి రాగానే విప్పేయండి. రాత్రంతా ఉంచితే బొచ్చు చిక్కులు పడుతుంది, తడి ఆరక చర్మం చెడుతుంది. రెండు కుక్కలు ఆడుకునేటప్పుడు ఒకదాని దవడ ఇంకోదాని పట్టీలో ఇరుక్కునే ప్రమాదం ఉంది, క్రేట్ కమ్మీకి తగులుకునే ప్రమాదమూ ఉంది. విప్పిన ప్రతిసారీ చంక, మోచేతి వెనక, రొమ్ము కింద చేత్తో తడిమి చూడండి. చర్మం ఎర్రబడకముందే వెంట్రుకలు విరిగినట్టు, గరుకుగా తగులుతాయి, అది మొదటి సూచన. బొచ్చు రాలే కాలం అయ్యాక, బరువు మారాక బిగింపు మళ్లీ చూడాలి. మీవాడికి రెండేళ్లంటే ఎత్తు ఎదుగుదల దాదాపు అయిపోయినట్టే, ఛాతీ మాత్రం ఇంకా కొంత నిండుతుంది.

ఇప్పుడు ఎర్రబడిన చంకల సంగతి. కొత్తది ఎంత మంచిదైనా పుండు మీద వేయకండి, ముందు అది మానాలి. తడి కారుతున్నా, వాసన వస్తున్నా, కుక్క అదే పనిగా నాకుతున్నా వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి, ఇంట్లో ఉన్న క్రీములు రాయొద్దు, ఎలాగూ నాకేస్తాడు. మానేదాకా వెడల్పాటి మెత్తటి కాలర్‌తో, చప్పుళ్లు లేని చోట, జనం లేని వేళ పొట్టి నడకలు చాలు. కాలర్ తలమీదుగా జారకుండా ఉండేంత బిగుతుగా ఉందో లేదో తలుపు తీయకముందే చూసుకోండి. మీ మూడు కొలతలు, పక్క నుంచి తీసిన ఒక ఫోటో పెడితే ఏ రకం మోడల్ నప్పుతుందో ఇంకా వివరంగా చెప్పగలను.